రెండు రోజులు బండి బయటే ఉంటే: గొలుసు తాళమా, జీపీఎస్ ట్రాకరా?

కూకట్‌పల్లి కుర్రాడు:
అన్నలకు నమస్తే. వచ్చే నెల నేనూ మా బావా హైదరాబాద్ నుంచి తిరుపతికి బైక్ మీద వెళ్తున్నాం. అలిపిరి దగ్గర బండి పెట్టి మెట్లెక్కి, రాత్రి కొండ మీదే ఉండి, మర్నాడు దర్శనం చేసుకుని దిగుతాం. అంటే ఒకటిన్నర రోజు బండి మా కళ్లముందు ఉండదు. బండి కొని ఏడాదిన్నర అయింది. డౌన్ పేమెంట్ అమ్మ కట్టింది, ఇంకా 14 ఈఎంఐలు ఉన్నాయి. అందుకే టెన్షన్. చేతిలో రెండున్నర వేలు ఉన్నాయి. మంచి గొలుసు తాళం కొనాలా, ట్రాకర్ పెట్టించాలా? ట్రాకర్ ఉంటే తాళాలతో పనే లేదని బావ అంటున్నాడు.

వైజాగ్ రైడర్:
మీ బావ మాటే కరెక్ట్ బ్రో. ఎంత గట్టి తాళమైనా కట్టర్ ముందు ఎంతసేపు ఆగుతుంది? నా బండికి ట్రాకర్ ఉంది. అరకులో హోమ్‌స్టే ముందు పెట్టి పడుకున్నా. అర్ధరాత్రి ఎవరో పక్క బండి తీస్తూ నాది కాస్త జరిపారు, వెంటనే ఫోన్ మోగింది. లేచి చూసి మళ్లీ పడుకున్నా. ఒకవేళ బండి పోయినా, ఎటు పోయిందో పోలీసులకు చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది. గొలుసు తెగితే మన చేతికి మిగిలేది గొలుసు ముక్కే.

నల్లమల దారి:
తమ్ముడూ, బండి పోగొట్టుకున్నవాణ్ని, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. శ్రీశైలం వెళ్తున్నాం. అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిదిన్నర. వెనక్కి వచ్చి రోడ్డు పక్క ఒక లాడ్జిలో దిగాం. బండి గోడ వారన పెట్టి హ్యాండిల్ లాక్ వేశా. నేల మెత్తగా ఉందని సైడ్ స్టాండ్ కింద చిన్న చెక్కముక్క పెట్టా. పొద్దున ఐదున్నరకు వచ్చి చూస్తే చెక్కముక్క ఉంది, బండి లేదు. అక్కడి నుంచి గేటు దాకా ముందు చక్రాన్ని అడ్డంగా ఈడ్చిన గీత, గేటు బయట ఆటో టైర్ల అచ్చులు. స్టార్ట్ కూడా చేయలేదు, ఎత్తి ట్రాలీ ఆటోలో వేసుకుపోయారు. హ్యాండిల్ లాక్ అంటే లోపల ఉండేది చిన్న పిన్ను, అంతే. దాన్ని నమ్ముకుని నిద్రపోయాను.

కాబట్టి తాళం ఎంత ఖరీదైనది అన్నది తర్వాత. బండిని దేనికి కట్టాం అన్నదే అసలు సంగతి. చక్రానికీ ఫ్రేముకీ కలిపి గొలుసు వేసి వదిలేస్తే ఇద్దరు మనుషులు ఎత్తుకుపోతారు. స్తంభానికో, నేలలో పాతిన ఇనుప పైపుకో కట్టాలి.

ఇక ట్రాకర్ సంగతి. అలిపిరి దారిలో 3,550 మెట్లు. సగం ఎక్కాక అలర్ట్ వస్తే దిగేదెప్పుడు? దర్శనానికి క్యూలోకి వెళ్లేముందు ఫోన్లు డిపాజిట్ చేయాలి కదా. ఆ గంటలన్నీ ట్రాకర్ మోగుతున్నా వినేవాడెవడు?

వైజాగ్ రైడర్:
ఫోన్ డిపాజిట్ సంగతి నాకు తట్టలేదు అన్నా, నిజమే. కానీ అలర్ట్ ఇంట్లోవాళ్ల ఫోన్‌కీ వచ్చేలా పెట్టుకోవచ్చు. వాళ్లు పోలీసులకు చెప్తారు. అయినా వరసలో పెట్టిన వంద బండ్ల మధ్య స్తంభం ఎక్కడ దొరుకుతుంది? పక్కవాడి బండికి కట్టలేం కదా.

బెజవాడ మెకానిక్:
22 ఏళ్లుగా షాపు నడుపుతున్నా. గొలుసు నేల మీద పడి ఉంటే సుత్తితో కొట్టడానికి నేలే ఆసరా అవుతుంది. అందుకని ఫ్రేములోంచి తిప్పి, పైకి, బిగువుగా వేయాలి. తాళం రంధ్రం కిందికి చూడాలి. డిస్క్ లాక్, అంటే చక్రం బ్రేక్ డిస్క్‌కు వేసే తాళం, మంచిదే, కానీ అది ఉందని మర్చిపోయి కదిలిస్తే బండి పడుతుంది, డిస్క్‌ను పట్టి ఆపే బ్రేక్ కాలిపర్ దెబ్బతింటుంది. హ్యాండిల్‌కు కట్టే రిమైండర్ కేబుల్ తప్పకుండా వాడు. పాత కార్బురేటర్ బండ్లకైతే పెట్రోల్ కాక్ ఆపేస్తే కొంత దూరం పోయి ఆగిపోతుంది. నీది కొత్త బీఎస్6 బండి, కార్బురేటర్ బదులు ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) ఉంటుంది, దానికి సాధారణంగా కాక్ ఉండదు. మెయిన్ ఫ్యూజ్ తీసి జేబులో వేసుకో, బండి స్టార్ట్ కాదు. అది ఎక్కడుందో నీ మెకానిక్‌ను అడిగితే రెండు నిమిషాల్లో చూపిస్తాడు. బండి స్టార్ట్ కాకుండా దాచిపెట్టే దొంగచాటు స్విచ్ మాత్రం వారంటీ ఉన్నంతకాలం పెట్టించకు, వైరింగ్ కోసినట్టు కనిపిస్తే వారంటీకి ఇబ్బంది.

కోర్టు వీధి:
బాబూ, ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చూడు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బైకులకు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. చాలామంది దాన్ని చూసి ఐదేళ్లూ బీమా ఉందనుకుంటారు. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికే, అందులో దొంగతనానికి పైసా రాదు. దొంగతనం కవర్ అయ్యేది ఓన్ డ్యామేజ్, అంటే మన బండి నష్టానికి ఉండే భాగంలో. అది సాధారణంగా ఏడాదికే ఉంటుంది, మళ్లీ కట్టాలి. నీ బండికి ఏడాదిన్నర అంటున్నావు, ముందు అది చూడు. క్లెయిమ్ వచ్చినా ముందు లోన్ ఇచ్చినవాళ్ల బాకీకే పోతుంది.

కంపెనీవాళ్లు రెండు తాళంచెవులూ అడుగుతారు. రెండోది ఇంట్లో ఉంచు, ట్రిప్‌కి తీసుకెళ్లకు. ఒరిజినల్ ఆర్‌సీ బండి డబ్బాలో పెట్టకు, డిజిలాకర్‌లో ఉంటే చాలు. జరగరానిది జరిగితే అదే రోజు ఎఫ్‌ఐఆర్. తమ పరిధి కాకపోయినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. బీమా కంపెనీకి కూడా వెంటనే చెప్పాలి. ఎఫ్‌ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయడం కుదరదని 2020లో సుప్రీంకోర్టు ఒక ట్రాక్టర్ కేసులో చెప్పింది. అలాగని ఆలస్యం చేయకు, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందని గుర్తుపెట్టుకో.

నల్లమల దారి:
మేడమ్ చెప్పిన రెండో తాళంచెవి మాట నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. నా రెండూ ఒకే రింగులో ఉండేవి. వైజాగ్ తమ్ముడూ, స్తంభం దొరకదన్నావు, ఒప్పుకుంటా. అందుకే అలిపిరి దాకా బండి ఎందుకు? తిరుపతిలో సెల్లార్ ఉన్న లాడ్జిలో గది తీసుకుని, లోపల స్తంభానికి కట్టి, అలిపిరికి ఆటోలో వెళ్తే సరిపోతుంది. గది అద్దె దండగ అనిపిస్తుందేమో, 14 ఈఎంఐల ముందు అదెంత?

వైజాగ్ రైడర్:
సెల్లార్‌లో ట్రాకర్‌కి సిగ్నల్ అందదు అన్నా. అయినా దారి పొడుగునా టీ కొట్ల దగ్గర, బంకుల దగ్గర ఆగుతారుగా, అక్కడ నాకైతే ట్రాకరే కావాలి. ముందు గొలుసు కొను, డబ్బు కూడితే ట్రాకర్. ఇంతవరకు దిగొచ్చాను.

కూకట్‌పల్లి కుర్రాడు:
అందరికీ థాంక్స్. పాలసీ చూశాను, ఓన్ డ్యామేజ్ అయిపోయి ఆరు నెలలైంది. రెండున్నర వేలలో ముందు దాని సంగతే చూస్తాను, మిగిలినదానితో గొలుసు. రెండో తాళంచెవి బీరువాలో పెట్టి అమ్మకు చెప్పాను. సెల్లార్ ఉన్న లాడ్జి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, స్తంభం దగ్గర బండి కట్టుకోనిస్తారా లేదా ఫోన్ చేసి అడిగాకే బుక్ చేస్తాను.