అప్‌డేట్: పోనీటెయిల్ వేస్తే బ్యాంగ్స్ మధ్యలో చీలిపోయే సమస్య తీరింది

పోనీ ఎత్తుగా కట్టిన పది నిమిషాలకే బ్యాంగ్స్ (నుదుటి మీదికి పడేలా పొట్టిగా కత్తిరించుకున్న ముందు జుట్టు) రెండు పాయలుగా విడిపోతున్నాయని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్సండీ.

చివరికి పార్లర్‌కి వెళ్లాను. అక్కడి అక్క వేళ్లతో జుట్టు పాయలు తీసి చూసి, నుదుటి అంచున ఎడమవైపు సుడి ఉందని చూపించింది. అక్కడ వెంట్రుకలు మొలవడమే పక్కకి తిరిగి మొలుస్తున్నాయి. తలస్నానం చేసి అలా వదిలేస్తే ఆ వాలులోనే ఆరిపోతాయి, తర్వాత ఎంత దువ్వినా మాట వినవు.

మీలో ఒకరు చెప్పిన "ముందు బ్యాంగ్స్, తర్వాతే పోనీ" అన్న సలహానే పనిచేసింది. బ్యాంగ్స్ కుదుళ్లు బాగా తడుపుతాను. డ్రయ్యర్ పైనుంచి కిందికి పట్టుకుని, దువ్వెనతో జుట్టుని నుదుటికి ఆనించి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి దువ్వుతూ తడి పూర్తిగా పోయేదాకా ఆరబెడతాను. చివర్లో కాస్త చల్లగాలి. ఆరాక వాటిని క్లిప్పుతో ముందుకి పెట్టేసి, అప్పుడు మిగతా జుట్టు వెనక్కి లాగి కడతాను. ఇదివరకు కణతల దగ్గర పొట్టి వెంట్రుకల్ని కూడా పోనీలోకి లాగేసేదాన్ని, అందుకే బ్యాంగ్స్ పల్చగా కనిపించేవి.

షాంపూ మార్చడం, హెయిర్ స్ప్రే నా విషయంలో దండగే. కొబ్బరినూనె రాస్తే ఇంకా అట్టకట్టాయి.

చెమటకి కుదుళ్లు తడిస్తే మాత్రం మళ్లీ చీలతాయి. అప్పుడు తడిపి మళ్లీ ఆరబెట్టుకోవాల్సిందే.