పాత సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక ఎర్త్ లీకేజీ: మైకా మారిస్తే సరిపోతుందా?

చెన్నైలో ఉంటాను. నాన్నగారు వాడిన 25 వాట్ల, 230 వోల్టుల సోల్డరింగ్ ఐరన్ ఇది, పారేయడానికి మనసొప్పడం లేదు. రెండు పిన్నుల పాత వైరు తీసేసి మూడు కోర్ల వైరు వేశాను, ఎర్త్‌ను బాడీకి బిగించాను. అప్పట్నుంచీ ఆన్ చేసిన ఆరేడు నిమిషాలకు 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ (కరెంటు ఎర్త్‌కి లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోతోంది. అంటే ఇన్నాళ్లూ షాక్ తగలకపోవడం అదృష్టమే!

చల్లగా ఉన్నప్పుడు ఎలిమెంట్ 2,100 ఓమ్‌లు చూపిస్తోంది, అది సరైనదే. బాడీకి, ఎలిమెంట్‌కి మధ్య 20 మెగా ఓమ్‌ల పైనే. ట్రిప్ అవగానే ప్లగ్ పీకి కొలిస్తే మాత్రం 6 కిలో ఓమ్‌లు. చల్లారితే మళ్లీ మామూలే.

చెమ్మేమోనని ఎలిమెంట్‌ను ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాను. తేడా లేదు. విప్పి చూస్తే వైరు బయటికొచ్చే చోట మైకా (కరెంటు బాడీకి చేరకుండా తీగ కింద చుట్టే అభ్రకం) పొరలు లేచిపోయి, గోరంత నల్లటి మచ్చ కనిపించింది. నైక్రోమ్ తీగ బాగానే ఉంది. రిచీ స్ట్రీట్‌లో నాలుగు షాపులు తిరిగినా ఈ సైజు ఎలిమెంట్ దొరకలేదు.

అదే తీగ ఉంచి, కింద కొత్త మైకా చుడితే వేడి మీద లీకేజీ ఆగుతుందా? చేసి చూసినవాళ్లు చెప్పగలరా?