ఖాళీ ప్లాట్ల చెత్త, పిచ్చి మొక్కలు: ఫైన్ ఓనర్‌కా, పారేసేటోళ్ళకా?

ఉప్పల్_వెంకట్:
మా కాలనీల మూడో వంతు ప్లాట్లు ఖాళీనే. ఓనర్లు ఒకరు బెంగళూరు, ఒకరు అమెరికా, కొందరైతే ఎవరో కూడ తెల్వదు. వానలు పడంగనే వయ్యారిభామ కలుపు మొక్క నడుము దాక లేస్తది, మూలకు సర్కారు తుమ్మ, దాని కింద పాత మారుతీ వ్యాను, టైర్లు సగం మట్టిల కూరుకపోయినయి, అద్దం లేని కిటికీలకెళ్ళి పిల్లికూనలు దుంకుతుంటయి. మొన్న కట్లపాము కనిపిస్తే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకు ఫోన్ కొట్టినం. మునిసిపాలిటీల అడిగితే అది ప్రైవేట్ జాగా, చందాలేసుకుని జేసీబీ పెట్టుకోండ్రి అన్నరు. ఎందుకేసుకోవాలె? గజం రేటు పెరిగితే లాభం వాళ్ళకు, జేసీబీ కిరాయి మాకా? నేనైతే ఒకటే అంట, ఏడాదికి రెండుసార్లు సాఫ్ చేయించకుంటే మునిసిపాలిటే చేయించి దానికి డబుల్ ఓనర్ పన్నుల కలపాలె. మీరేమంటరు?

సుజాత_గుంటూరు:
వెంకట్ గారూ, మీరు తిడుతున్న దూరపు ఓనర్లలో నేనూ ఒకదాన్నండి. ప్లాటు ఒక ఊళ్ళో, మా ఉద్యోగాలు ఇంకో ఊళ్ళో. రాతి స్తంభాలు పాతించి ముళ్ళ కంచె వేయిస్తే ఆరు నెలలకి వైరు మాయం, తర్వాత స్తంభాలు కూడా. ఈసారి వెళ్ళి చూస్తే ఎవరో ఇల్లు రిపేరు చేయించుకున్న టైల్స్ ముక్కలు, డైపర్లు, కొబ్బరి బొండాలు, పూజకి వాడిన దండలు కవర్లో ముడేసి మరీ విసిరారు. కొరియర్ డబ్బాల మీద పేరూ డోర్ నంబరూ కూడా ఉన్నాయి, అన్నీ పక్క వీధివే! ఖాళీ స్థలం పన్ను నేను కడుతున్నా, చెత్త మీది, ఫైన్ మళ్ళీ నాకేనా? 2016 ఘన వ్యర్థాల రూల్స్‌లోనే చెత్త బయట పారెయ్యకూడదు, కాల్చకూడదు, పాతిపెట్టకూడదు అని పెట్టింది చెత్త పుట్టించేవాళ్ళకి. ముందు ఆ డోర్ నంబర్లకి రాయండి చలానా.

డాలస్_కిరణ్:
ఇక్కడ టెక్సాస్‌లో ఈ డిస్కషనే ఉండదు బ్రో. చాలా సిటీల్లో గడ్డి 12 అంగుళాలు దాటితే నోటీసు, అప్పటికీ కొయ్యకపోతే సిటీవాళ్ళే కోయించి బిల్లు పంపుతారు, కట్టకపోతే ఆ బాకీ ప్రాపర్టీ మీదే ఉంటుంది, అమ్మేటప్పుడు తీర్చాల్సిందే. బండికి నంబర్ ప్లేటో రిజిస్ట్రేషనో లేకుండా, కదలని స్థితిలో రోడ్డు మీద 72 గంటలు, సొంత స్థలంలో అయినా బయటికి కనపడేలా 30 రోజులు ఉంటే అది జంక్ వెహికల్ కింద లెక్క. మన దగ్గర కూడా ఇలా పెడితే తప్ప ఎవడూ కదలడు.

బెజవాడ_సుబ్బు:
కిరణ్ గారూ, రెండో వైపు కూడా చెప్పండి. ఫ్లోరిడాలో డనీడిన్ అనే ఊళ్ళో 2018లో ఒకాయన చనిపోయిన వాళ్ళమ్మ ఆస్తి వ్యవహారాలు చూసుకోడానికి వేరే ఊరెళ్ళాడు, గడ్డి కొయ్యమని పురమాయించిన మనిషి మధ్యలో చనిపోయాడు, తిరిగొచ్చేసరికి రోజుకి 500 డాలర్ల లెక్కన దాదాపు 30 వేల డాలర్ల ఫైను! కట్టకపోతే ఇల్లు జప్తు చేసి అమ్మేస్తాం అనేదాకా వచ్చారు. సుజాత గారి పరిస్థితీ అదే కదా. ఇక మన వాళ్ళ చేతికి డబుల్ ఫైన్ ఇస్తే వార్డులో గిట్టనివాడి ప్లాటుకే ముందు నోటీసు వస్తుంది, రాసి పెట్టుకోండి.

ఏఈఓ_రమేశ్:
మీరు ఫైన్ ఎవరికైనా వేసుకోండి గానీ వయ్యారిభామని పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా పీకాలి, చేతికి గ్లౌజులు తప్పనిసరి, లేకపోతే ఒళ్ళంతా దురద, ఆయాసం ఉన్నవాళ్ళకి ఇంకా కష్టం. పూతొచ్చాక జేసీబీతో దున్నిస్తే విత్తనం కాలనీ అంతా చల్లినట్టే, ఒక్కో మొక్కకి వేలల్లో వస్తాయి. మీరన్న రెండుసార్లలో ఒకటి తొలకరి పడ్డ నెలలోపు ఉండాలి, దసరా ముందు చేయిస్తే డబ్బు దండగ. ఎండబెట్టి అంటించడం కూడా వద్దు, బహిరంగంగా చెత్త కాలిస్తే 5 వేలు, పెద్ద ఎత్తున అయితే 25 వేలు జరిమానా అని ఎన్‌జీటీ, అంటే జాతీయ హరిత ట్రిబ్యునల్, 2016లోనే చెప్పింది. ఇంకోటి, డెంగీ దోమ మొక్కల్లో పుట్టదు, నిలవున్న మంచినీళ్ళలో పుడుతుంది, అంటే ఆ కొబ్బరి బొండాల్లో, ఆ వ్యాను ఫ్లోర్‌లో. వారానికోసారి ఆ నీళ్ళు పారబొయ్యాలి.

ఉప్పల్_వెంకట్:
రమేశన్నా థాంక్స్, వ్యానుల నీళ్ళ సంగతి మేమెవ్వరం సోచాయించలే. మరి దాన్ని తీయించుడెట్ల? పోలీసులకు చెప్తే రోడ్డు మీద లేదు కదా అన్నరు.

గ్యారేజ్_మస్తాన్:
వాళ్ళు చెప్పింది కరెక్టే అన్నా. మోటార్ వెహికల్ యాక్టు 127 ప్రకారం పది గంటలకి మించి వదిలేసిన బండిని పోలీసులు టోయింగ్ పెట్టి తీయించొచ్చు, కానీ అది పబ్లిక్ ప్లేసులో ఉంటేనే. ప్లాటులో ఉందంటే ప్లాటు ఓనరే కంప్లైంట్ ఇవ్వాల. అసలు చిక్కు ఏందంటే ఇట్లాంటి బండ్లు సగానికి సగం చచ్చిపోయినోళ్ళ పేరు మీద ఉంటాయి, కొడుకులు ముగ్గురు, ఆర్‌సీ ఎవరూ మార్పించుకోరు, కారుకి 15 ఏళ్ళు దాటితే రెన్యువల్‌కి వేలల్లో ఫీజు ఎవడు కడతాడు. పేపర్లు లేకుండా సర్టిఫికెట్ ఇచ్చే స్క్రాప్ సెంటర్‌కి పోలేరు, పాత ఇనుమోడికి ఇచ్చేస్తే ఛాసిస్ నంబరు ఎక్కడ తేలుతుందో అని భయం. అందుకే ఎవరిదో ఖాళీ ప్లాటులోకి తోసేస్తారు. వారసుల నుంచి ఒక అఫిడవిట్ తీసుకుని ఆర్‌టీఓ ఆఫీసోళ్ళే కాలనీకొచ్చి ఒక రోజు క్యాంపు పెడితే ఫైన్ లేకుండానే సగం బండ్లు పోతాయి, నేనే లాక్కొస్తా.

బెజవాడ_సుబ్బు:
మస్తాన్ భాయ్ ముక్క బాగుంది. ఫైన్లంటే జనం ఎలా తీసుకుంటారో మా దగ్గర చూశాం కదా, చెత్త ఎత్తినందుకు నెలనెలా డబ్బులు అడిగితే అది చెత్త పన్ను అయి కూర్చుంది, 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో సీఎం రద్దు చేస్తున్నాం అనేదాకా ఊరుకోలేదు.

సుజాత_గుంటూరు:
రద్దయ్యాక చెత్త ఎక్కడికి పోతోందో కూడా చూడండి సుబ్బు గారూ, నా ప్లాటులాంటివాటిలోకే.

ఉప్పల్_వెంకట్:
సుజాతమ్మా, పారేసేటోళ్ళకు కూడ వేయాలె, ఒప్పుకుంట, డోర్ నంబరున్న డబ్బా ఫోటో తీసి గ్రూపుల పెడత. గానీ మీ ఒక్కరి లెక్క అందరు ఓనర్లు పన్ను కడ్తలేరు, కంచె వేస్తలేరు. ఓనర్లు దొరకరంటరు చూడు, గది ఉత్త ముచ్చట. 2020ల ఎల్ఆర్ఎస్‌కు, అంటే అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లు రెగ్యులర్ చేసే స్కీముకు, వెయ్యి రూపాయలు కట్టి లక్షల మంది అప్లై చేసిండ్రు, ఒక్కొక్కరి ఫోన్ నంబర్, ప్లాట్ నంబర్, సర్వే నంబర్ సర్కారు దగ్గర ఉన్నయి, పైసలు కట్టుమని మెసేజ్‌లు ఫోన్లకే వచ్చినయి. అదే నంబర్లకు జూన్‌ల ఒక మెసేజ్ పెట్టుండ్రి, మీ ప్లాటు ఇట్లున్నది అని ఫోటోతోని, నెల టైమియ్యుండ్రి, ఊరిల లేకుంటే క్లీనింగ్ ఫీజు ఫోన్ల నుంచే కట్టే లింకియ్యుండ్రి. అప్పటికీ కదలకుంటేనే డబుల్. డనీడిన్ లెక్క రోజుకింత కాదు, సీజన్‌కు ఒక్కసారే.

సుజాత_గుంటూరు:
ఫోటో, నెల టైము, లింకు ఉంటే నేను కడతానండి. కానీ ఆ ఫోటోలో టైల్స్ ముక్కలు కూడా కనపడతాయి, వాటిని ఎత్తే ఖర్చు నా ఫీజులో వేస్తే మాత్రం కట్టను.

గ్యారేజ్_మస్తాన్:
వెంకటన్నా, ఆ వ్యాను నంబర్ ప్లేటు ఉంటే ఇన్‌బాక్స్‌లో పెట్టు. పిల్లికూనల్ని ముందు ఎవరైనా తీసుకోండి.