సీసం ఆనోడ్‌తో టెట్రామిథైల్ లెడ్: ఆ పద్ధతి నిజంగా పొదుపైనదేనా?

రసవాది: ఒకప్పుడు పెట్రోలులో కలిపిన టెట్రాఇథైల్ లెడ్‌ను ప్రధానంగా సోడియం–సీసం మిశ్రలోహానికీ ఇథైల్ క్లోరైడ్‌కూ చర్య జరిపి తయారుచేసేవారు. అందులో నాలుగు పాళ్ల సీసంలో ఒక పాలు మాత్రమే ఉత్పన్నంలోకి చేరగా, మిగిలిన మూడు పాళ్లు మడ్డిగా మిగిలి మళ్లీ కొలిమికి వెళ్లేవి. 1964లో టెక్సాస్‌లోని ఫ్రీపోర్ట్‌లో నాల్కో సంస్థ (మన అల్యూమినియం నాల్కో కాదు) ఈ సమ్మేళనాన్నీ, దాని మిథైల్ రూపమైన టెట్రామిథైల్ లెడ్‌నూ చేయడానికి, ఈథర్లలోని గ్రిగ్నార్డ్ కారకంలో (మెగ్నీషియానికి మిథైల్ లేదా ఇథైల్ సమూహం అతికిన సమ్మేళనం) సీసపు గుళికలను ఆనోడ్‌గా, అంటే ధన ధ్రువంగా, ఉంచి విద్యుద్విశ్లేషణ మొదలుపెట్టింది. అక్కడ కరిగిన సీసమంతా ఆల్కైల్ (మిథైల్, ఇథైల్ వంటి) సమూహాలతో కలుస్తుంది కనుక ఈ పద్ధతే మేలని నా వాదన.

లెక్కల మాస్టారు: రసవాది గారూ, సీసం లెక్క సరిగానే వేశారు, మెగ్నీషియం లెక్క మాత్రం వదిలేశారు. ఒక్కో సీసం పరమాణువుకు రెండేసి గ్రిగ్నార్డ్, మిథైల్ క్లోరైడ్ అణువులు ఖర్చై, మెగ్నీషియమంతా క్లోరైడ్‌గా బయటికి పోతుంది. కిలో టెట్రామిథైల్ లెడ్‌కు 180 గ్రాముల పైచిలుకు మెగ్నీషియం కావాలి. ఫారడే నియమం ప్రకారం విద్యుద్విశ్లేషణ ఘటంలో కనీసం 400 ఆంపియర్-గంటలు ఖర్చయితే, ఆ మెగ్నీషియాన్ని కరిగిన క్లోరైడ్ నుంచి రాబట్టడానికి మరో 400 కావాలి. పాత పద్ధతిలోని సోడియం కూడా విద్యుత్తుతోనే వస్తుంది, కానీ అక్కడ అణువుకు నాలుగు ఎలక్ట్రాన్లను ఒక్కసారే చెల్లిస్తాం. పైగా ఈథర్ ద్రావణాలు విద్యుత్తును అంతంతమాత్రంగానే ప్రవహింపజేస్తాయి కనుక వోల్టేజీ కూడా పెరుగుతుంది.

రసవాది: ఎలక్ట్రాన్ల లెక్కను ఒప్పుకుంటాను. అయితే విషపూరితమైన మడ్డిని కొలిమిలో కరిగించే పని తప్పడానికి మీ లెక్కలో విలువే లేదు. మిశ్రలోహంతో మిథైల్ సమ్మేళనాన్ని చేయాలంటే అల్యూమినియం క్లోరైడ్ లాంటి ఉత్ప్రేరకం కావాలి. ఘటంలోనైతే గ్రిగ్నార్డ్ కారకాన్ని మార్చితే చాలు.

వంగతోట: మెగ్నీషియం ఊసే లేని దారి తగరంలో ఉంది. తగరపు కాథోడ్ (రుణ ధ్రువం) మీద ఆక్రిలోనైట్రైల్ అనే ద్విబంధమున్న సేంద్రియ సమ్మేళనాన్ని క్షయకరణం చేస్తే, కాథోడ్ లోహమే నాలుగు సయనోఇథైల్ సమూహాలతో కలిసి సమ్మేళనమవుతుంది. ఆ సమూహాలకు కావలసిన హైడ్రోజన్ నీటి నుంచి వస్తుంది. విద్యుత్ రసాయన సంశ్లేషణ సత్తాను తూచాలంటే ఈ ఉదాహరణనే తీసుకోవాలి.

లెక్కల మాస్టారు: చర్య చక్కనిదే, కాని అది ఆక్రిలోనైట్రైల్ వంటి క్రియాశీల ద్విబంధాలకే పరిమితం. పరిశ్రమ పెద్దయెత్తున అడిగిన బ్యూటైల్ తగరం సమ్మేళనాలకు ఆధారం గ్రిగ్నార్డ్ కారకాలు, అల్యూమినియం ఆల్కైల్‌లే; అంటే మళ్లీ విద్యుత్తుతో తీసిన లోహాల దగ్గరికే వచ్చాం.