ప్యాలెట్ల పార్ట్ లోడ్ కిరాయి: కాటా బరువుకూ బిల్లు బరువుకూ ఇంత తేడా ఎందుకు?

మౌల్డింగ్_యూనిట్ (ప్రశ్న):

చర్లపల్లిలో మాకు చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ ఉంది. పుణెలోని కొనుగోలుదారుకు 4 ప్యాలెట్ల సరుకును పార్ట్ లోడ్‌లో (ఇతరుల సరుకుతో కలిపి ఒకే లారీలో) పంపాము. ఒక్కొక్క ప్యాలెట్ కాటా మీద 320 కిలోలు తూగింది. కిలోకు 9 రూపాయల చొప్పున రేటు మాట్లాడుకున్నాము గనుక 11,520 రూపాయలూ, పైన కొంత చిల్లర ఖర్చూ అవుతుందని అనుకున్నాము. బిల్లులో మాత్రం చార్జ్‌డ్ వెయిట్ (కిరాయి లెక్కకు తీసుకున్న బరువు) 2,380 కిలోలుగా వేసి, కిరాయి ఒక్కటే 21,420 రూపాయలు చూపించారు. ఫ్యూయల్ సర్‌చార్జి, డాకెట్ చార్జి (బుకింగ్ రసీదుకు), ఎఫ్‌ఓవీ (సరుకు విలువను బట్టి వేసే రిస్కు చార్జి), హమాలీ దానికి అదనం. అడిగితే సీఎఫ్‌టీకి (ఘనపుటడుగుకు) 8 కిలోల లెక్కన వేశామన్నారు. మా ప్యాలెట్ 120 × 100 సెం.మీ., దిగువ చెక్కతో కలిపి ఎత్తు 155 సెం.మీ. వరుసకు 10 అట్టపెట్టెల చొప్పున 4 వరుసలు. పెట్టె బయటి కొలత 42 × 32 × 35. ఈ లెక్క సరైనదేనా? తర్వాతి లోడుకు ఖర్చును ముందుగానే ఎలా అంచనా వేసుకోవాలి, ఎక్కడ తగ్గించుకోవాలి?

బుకింగ్_గుమాస్తా:

లెక్క సరైనదేనండీ. తేలికపాటి సరుకుకు లారీలో చోటు ముందు నిండిపోతుంది, బరువు మిగిలిపోతుంది. అందుకని కాటా బరువు, ఘనపరిమాణపు బరువు రెంటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి వేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 28,317తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. దానిని 8తో గుణిస్తే కిలోలు. మీరు చెప్పిన 120 × 100 × 155 కొలతకు ప్యాలెట్‌కు 526 కిలోలు, నాలుగింటికి 2,104 కిలోలు మాత్రమే రావాలి. వాళ్లు వేసినది 2,380. మిగిలిన 276 కిలోలు ఎక్కడివో మీ పెట్టె కొలతే చెబుతోంది. వరుసకు 10 పట్టాలంటే ఒకచోట 32 సెం.మీ. ప్రక్కలు నాలుగు పొడవునా వస్తాయి, అది 128. అడ్డంగా ఒక 42, రెండు 32లు కలిపితే 106. అంటే సరుకు ప్యాలెట్ అంచులు దాటి పొడవు వైపు రెండు కొనలా 4 సెం.మీ., వెడల్పు వైపు రెండు కొనలా 3 సెం.మీ. చొప్పున బయటికి వచ్చింది. గోదాములో టేపు పట్టేవాడు చెక్కను కొలవడు, ష్రింక్ రాప్ చుట్టిన తరువాత ఎక్కడ ఎక్కువ ఉబ్బి ఉందో అక్కడ కొలుస్తాడు. 128 × 106 × 155కు పైకి సరిచేస్తే 595 కిలోలు వస్తుంది, నాలుగింటికి 2,380.

ఇక బేరం దగ్గర అందరూ కిలో రేటునే పట్టుకుంటారు, సీఎఫ్‌టీ ఎంతో అడగరు. మీ సరుకుకు కిలోకు 10 రూపాయలు అడిగినా 6 కిలోల సీఎఫ్‌టీకి ఒప్పుకునే ట్రాన్స్‌పోర్టు దొరికితే అదే చవక: ఇవే ప్యాలెట్లకు 1,784 కిలోలు, 17,840 రూపాయలు. ఫ్యూయల్ సర్‌చార్జి కూడా సాధారణంగా కిరాయి మీద శాతంగానే పడుతుంది కాబట్టి కిరాయి పెరిగితే అదీ పెరుగుతుంది. కొటేషన్‌లో సీఎఫ్‌టీ, కనీస చార్జ్‌డ్ వెయిట్, సర్‌చార్జి శాతం, డోర్ డెలివరీ, ఫోర్క్‌లిఫ్ట్ లేని చోట దింపుడు హమాలీ ఎవరిది అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి.

ప్యాకింగ్_పని:

పై లెక్కకు మందు అట్టపెట్టెలోనే ఉంది. బయటి కొలతను 40 × 30కి తగ్గించగలిగితే 120 × 100 ప్యాలెట్ మీద వరుసకు 10 పెట్టెలు ఖాళీ లేకుండా, అంచు దాటకుండా కూర్చుంటాయి: 40 ప్రక్క పొడవునా వచ్చేలా మూడేసి పెట్టెల వరుసలు రెండు, 30 ప్రక్క పొడవునా వచ్చేలా నాలుగు పెట్టెల వరుస ఒకటి. కిరాయి సంగతి అటుంచినా, అంచు దాటిన పెట్టె మూలలకు కింద ఆధారం ఉండదు; పెట్టె బలం చాలావరకు ఆ మూలల్లోనే ఉంటుంది గనుక అడుగు వరుస ముందుగా నలుగుతుంది. లోపలి పాలిథిన్ సంచులలో గాలి నింపి మూతి కట్టే అలవాటు ఉంటే మానిపించండి, ఆ 2 సెం.మీ. చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ప్యాలెట్ చెక్కను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మీ కొలతల ప్రకారం దాని ఎత్తు 15 సెం.మీ.; 8 కిలోల సీఎఫ్‌టీ మీద అదొక్కటే ప్యాలెట్‌కు 51 కిలోల కిరాయి మోస్తోంది. నాలుగింటికి కలిపి 1,800 రూపాయలకు పైమాట. అలాగని ప్యాలెట్లు తీసేసి విడి పెట్టెలు పంపమని నేను చెప్పను, దారిలో రెండు మూడు గోదాముల్లో చేతులు మారితే పెట్టెలు ఏ గతికి వస్తాయో తెలిసిందే. కాస్త తక్కువ ఎత్తు ప్యాలెట్ దొరుకుతుందేమో చూడండి. అయితే రెండు వైపులా ఫోర్క్‌లిఫ్ట్ కొనలూ, హ్యాండ్ ప్యాలెట్ ట్రక్కూ దూరాలి.

లెక్కల_పుస్తకం:

4 ప్యాలెట్లు అనగానే 14 అడుగుల బండి పూర్తి కిరాయి కూడా అడిగి చూడాలి. బాడీ సుమారు 14 × 6 అడుగులు ఉంటుంది. 120 ప్రక్కను అడ్డంగా పెడితే 100 సెం.మీ. చొప్పున నాలుగు ప్యాలెట్లు 4 మీటర్లలో కూర్చుంటాయి. ఇప్పటి 106 అయితే 424 సెం.మీ. కావాలి, 14 అడుగులంటే 427; బాడీ లోపలి కొలత కాస్త తగ్గినా తలుపు పడదు. మహారాష్ట్ర నుంచి సరుకు తెచ్చి దింపి ఖాళీగా తిరిగి వెళ్లే బండి దొరికితే పార్ట్ లోడ్ మొత్తం బిల్లుకన్నా తక్కువకే రావచ్చు, మధ్యలో దింపుడూ ఉండదు.

ఎఫ్‌ఓవీ గురించి ఒక మాట. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం కింద, ఎక్కువ విలువ ప్రకటించి అధిక రిస్కు రేటు కట్టకపోతే, నష్టానికి రవాణాదారు బాధ్యత కిరాయికి 10 రెట్ల వరకే. మీకు సొంత ట్రాన్సిట్ పాలసీ (రవాణా బీమా) ఉంటే ఓనర్స్ రిస్కు మీద (నష్టం సరుకు యజమానిదే అన్న షరతుతో) బుక్ చేసి ఎఫ్‌ఓవీ తగ్గించమని అడగవచ్చు, కానీ అలా బుక్ చేస్తే క్లెయిమ్‌లో కోత ఉంటుందేమో ముందు పాలసీ షరతుల్లో చూసుకోండి. సరుకు దెబ్బతింటే, బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపల రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా దావా నడవదు.

మౌల్డింగ్_యూనిట్:

అందరికీ ధన్యవాదాలు. 40 × 30 బయటి కొలతతో, అదే సీఎఫ్‌టీ 8, అదే 9 రూపాయల మీద లెక్క వేస్తే 18,936 రూపాయలు వస్తోంది; 6 మీద 10 రూపాయలకు ఒప్పుకుంటే 15,800. పెట్టెల తయారీదారును కొత్త కొలతకు నమూనా అడిగాను. 14 అడుగుల బండికి కొటేషన్లు వచ్చాక ఇక్కడే పెడతాను.