పెల్హామ్ రీమేక్ ఎక్కడ సడలింది? అదే బిగువు గోదావరి పంటు మీద ఎలా వస్తుంది? (చర్చ)

రేవు_గట్టు:
1974లో వచ్చిన ‘ద టేకింగ్ ఆఫ్ పెల్హామ్ వన్ టూ త్రీ’, దాన్నే టోనీ స్కాట్ 2009లో మళ్లీ తీసినది, రెండూ చూసినవాళ్ల కోసం ఈ చర్చ మొదలెడుతున్నాను. కథ తెలిసిందే. నలుగురు న్యూయార్క్ సబ్‌వే రైలెక్కి, ముందు పెట్టె ఒక్కటీ విడదీసి సొరంగంలో నిలబెడతారు. గంటలో డబ్బు రాకపోతే నిమిషానికొకరిని చంపుతామంటారు. ఆ బిగువుని గోదావరి మీద నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ నది దాటించే బల్లకట్టు పడవ) మీదకి తెచ్చి చిన్న సినిమా తీయాలంటే ఏ మర తీసి ఏ మర బిగించాలి? బాగుందీ, బాగోలేదూ అని ఆపెయ్యకుండా ఎంచేతో చెప్పండి.

పాలకొల్లు_ఎడిటింగ్:
ముందు రీమేక్ సంగతి తేల్చుకుందాం. 1974 దాంట్లో గార్బర్ ట్రాన్సిట్ పోలీసు లెఫ్టినెంట్. దాదాపు సినిమా అంతా కంట్రోల్ రూములో కూర్చుని రేడియోలో మాట్లాడతాడు. అవతల మిస్టర్ బ్లూ గొంతు పెంచడు, తన గురించి ఒక్క ముక్క చెప్పడు. నలుగురికీ రంగుల పేర్లే. మనిషి తెలియదు కాబట్టి మనం గడియారం వైపు చూస్తాం. డబ్బు బ్యాంకులో లెక్కపెట్టడం, కట్టలు కట్టడం, పోలీసు కారు దారిలో బోల్తా కొట్టడం, గడువు దాటకుండా గార్బర్ ‘డబ్బు స్టేషన్‌కి చేరిపోయింది’ అని అబద్ధమాడడం... ఇవన్నీ గొలుసులో లింకులు. ఒక్కటి తీసినా గొలుసు తెగిపోతుంది.

2009లో డెంజెల్ వాషింగ్టన్ పాత్ర లంచం ఆరోపణ మీద కిందకి దించిన ఉద్యోగి. ట్రవోల్టా పాత్ర రైడర్ అతని చేత రేడియోలో తప్పు ఒప్పిస్తాడు, ఒప్పుకోకపోతే ఒక ప్రయాణికుడు పోతాడు. ఆ సీను బలమైనదే, కాదనను. కానీ దాంతో కథ ఇద్దరు మనుషుల సంభాషణ అయిపోయింది. పెట్టెలో మిగతా బందీలు తెర వెనకాల పరదాలాగ మిగిలారు. పైగా రైడర్ అసలు లాభం షేర్లు పడిపోవడంలో ఉంది. అప్పుడు ఆ 1 కోటి డాలర్లు వచ్చినా రాకపోయినా వాడికి పెద్ద తేడా లేదు. డబ్బు సంచీ బరువు తగ్గిన చోటే గడియారం బరువూ తగ్గింది. తెరమీద నిమిషాలు అంకెలుగా వేసి, బొమ్మ ఆపి ఆపి నడిపించినా ఆ లోటు తీరలేదు.

లంక_గాలి:
ఆ చివరి మాట పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. డబ్బుకి బరువుండాలి, నిజం బరువు. 1974లో అడిగింది 10 లక్షల డాలర్లు. సగం వంద నోట్లు, సగం యాభైలు. మొత్తం 15,000 నోట్లు, నోటు గ్రాము చొప్పున 15 కిలోలు. ఒక మనిషి భుజాన వేసుకుని సొరంగంలో నడవగలడు. 2009లో అడిగినదైతే అన్నీ వంద నోట్లే అనుకున్నా లక్ష నోట్లు, 100 కిలోలు.

మనదగ్గర 2023లో 2000 నోటు ఉపసంహరించాక పెద్దది 500. కోటి రూపాయలంటే 20,000 నోట్లు, వంద నోట్ల కట్టలు 200. నోటు గ్రాము పైచిలుకు ఉంటుంది కాబట్టి సుమారు 23 కిలోలు. నోటు కొలత 150 మి.మీ. × 66 మి.మీ., కొత్త కట్ట మందం దాదాపు సెంటీమీటరు పైన. అంటే అన్నీ కలిపి 24 లీటర్ల చోటు, ఒక మామూలు ప్రయాణపు సంచీ. అదే 10 కోట్లయితే 230 కిలోలు, మూడు ధాన్యం బస్తాలు. రేవులో ముగ్గురు కూలీలు మోయాల్సిన సరుకు. కథలో పది కోట్లని రాసి ఒక బ్రీఫ్‌కేసు చూపిస్తే ఇక్కడ ప్రతి ప్రేక్షకుడికీ తెలిసిపోతుంది, బస్తా బరువు తెలియని ఇల్లు మన డెల్టాలో లేదు.

లెక్కపెట్టే మిషను నిమిషానికి 1000 నోట్లు అనుకోండి, కోటికి 20 నిమిషాలు. గంట గడువులో మూడో వంతు అక్కడే పోతుంది. ఆ ఇరవై నిమిషాలూ దాటేయకుండా చూపించండి.

చించినాడ_వంతెన:
నాకో అభ్యంతరం ఉందండి. సొరంగంలో పెట్టెకి రెండే దిక్కులు, చీకటి, బయట మూడో పట్టాలో కరెంటు. అందుకే జనం దిగి పారిపోలేరు. పంటు నాలుగువైపులా తెరిచి ఉంటుంది, రెండు గట్లూ కనిపిస్తాయి, దాటడానికి పట్టేవి కొన్ని నిమిషాలు. ఈత వచ్చినవాడు దూకేస్తాడు. ఎవరు ఆపుతారు?

సరంగు_చూపు:
మంచి ప్రశ్న. జవాబు నీళ్లలోనే ఉంది. నరసాపురం దగ్గర వశిష్ఠ, సముద్రపు పోటు తగిలే గోదావరి పాయ. రోజుకి రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). ఒక పోటు నుంచి పాటుకి సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలు. ఎగువ నుంచి నీళ్లు వస్తుంటే పాటు ఇంకా ఎక్కువసేపు లాగుతుంది. ఆ లాగుడులో దూకినవాడు గట్టుకి పోడు, అంతర్వేది వైపు పోతాడు. గట్టు కనిపిస్తుంది కానీ అందదు. సొరంగం గోడ కంటే ఇది క్రూరం, చూపించడం తేలిక కూడా: మొదటి అయిదు నిమిషాల్లో ఎవరిదో చెప్పు నీళ్లలో పడి ఎటు కొట్టుకుపోయిందో ఒక్క షాటు చాలు.

గడువు కూడా పాటుతోనే కట్టండి. నీళ్లు ఒకే వేగంతో దిగవు. మొదటి గంటలో కొంచెం, మూడు నాలుగు గంటల్లో అన్నిటికంటే జోరు, మొత్తం దిగేదాంట్లో సగం ఆ రెండు గంటల్లోనే దిగుతుంది. మీ గంట గడువు అక్కడ పెట్టండి. గంట దాటితే పంటు ఇసుక మేట మీద కూర్చుంటుంది, మళ్లీ పోటు వచ్చేదాకా లేవదు, అంటే దొంగలకీ దారి మూసుకుపోతుంది. 1974 కథలో గడువు దొంగలు పెట్టింది. ఇక్కడ నది పెడుతుంది, రెండువైపులవాళ్లనీ తొందరపెడుతుంది.

ఒక హెచ్చరిక. నిజంగా పంటుని మేట ఎక్కించకండి. రెండు దోనెల మీద బల్లలు పరిచిన పంటు ఒకవైపు ఆనితే వంగుతుంది, పైన బళ్లూ మనుషులూ ఒకే పక్కకి జారతారు. కెమెరాని వంచండి, పంటుని కాదు.

చించినాడ_వంతెన:
ఒప్పుకున్నాను. అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. మరి పారిపోయే ఎత్తు? 1974లో డ్రైవరు చెయ్యి తీస్తే బండి ఆగిపోయే ఏర్పాటుని ఒక పరికరంతో మాయచేసి, ఖాళీ కేబినుతో పెట్టెని పరిగెత్తిస్తారు. పోలీసులు పైన వీధుల్లో దాని వెంట పడతారు, దొంగలు మాత్రం వెనకే దిగిపోయారు. ఆ మాయ ఇక్కడ ఏది?

సరంగు_చూపు:
పంటు ఖాళీ చుక్కానితో దిగువకి కొట్టుకుపోవడం. లంగరు తాడు కోసేస్తే పాటు దాన్ని మోసుకుపోతుంది, రెండు గట్ల మీదా పోలీసు జీపులు దాని వెంట. ఈలోగా దొంగలు బందీల్లో కలిసిపోవాలి. అందరికీ ఒకే నారింజరంగు లైఫ్ జాకెట్. ఎవరు బందీ, ఎవరు దొంగ? వేషం మార్చుకోవడానికి వేరే బట్టలే అక్కర్లేదు.

పాలకొల్లు_ఎడిటింగ్:
అద్భుతం. అయితే 1974లో చివరి తుమ్ము గుర్తుపెట్టుకోండి. మిస్టర్ గ్రీన్ జలుబుతో ఉంటాడు, రేడియోలో తుమ్ముతాడు, గార్బర్ ‘చిరంజీవ’ అన్నట్టు అలవాటుగా ఓ మాట అంటాడు. చివర గార్బర్ ఆ మనిషి ఇంటి గుమ్మం దాటాక లోపలి నుంచి అదే తుమ్ము. అంతే, సినిమా అయిపోయింది. ఆ తుమ్ముని అంతకుముందే పలుమార్లు వినిపించారు కాబట్టే పనిచేసింది. 2009లో దాన్ని తీసేసి వంతెన మీద తుపాకీ పెట్టారు. నాకు పెద్ద నష్టం అనిపించేది ఇదే.

మనకి తుమ్ము కాపీ కొట్టకుండా వేరేది కావాలి. దొంగల్లో ఒకడు పూర్వం కళాసీ (పడవ మీద పనివాడు) అనుకోండి. గెడ వేసి లోతు చూసిన అలవాటుతో రేడియోలో ‘రెండు బారల నీళ్లుంది’ అంటాడు. మీటర్లనే రోజుల్లో బార (చాచిన రెండు చేతుల పొడుగు) అనే మాట ఎవరిది? కథలో కనీసం రెండుసార్లు, వేరే పని మధ్యలో అనిపించండి. చివర విచారణలో అతని పెరట్లో బావి లోతు అడిగితే చాలు, బారల్లో చెప్పి దొరికిపోతాడు.

వైర్_లేని_మైకు:
అన్నీ బాగానే ఉన్నాయి, సౌండు సంగతి ఎవరూ ఎత్తలేదు. పంటు డీజిలింజను నడుస్తుండగా తీసిన డైలాగు వాడుకోలేరు, ముందే ఒప్పుకోండి. ఇంజను ఆపి, లంగరు మీద డైలాగు తీసి, ఇంజను శబ్దం విడిగా ఓ పది నిమిషాలు రికార్డు చేసి తరవాత కలపండి. ఆ శబ్దం మూడు చోట్ల తీసుకోవాలి: ఇంజను పక్కన, పంటు ముందు కొసన, గట్టు మీద నుంచి. ఒక్కచోట తీసినదాన్నే అన్ని షాట్లకీ పెడితే దూరం తెలియదు.

కాలర్ మైకు లైఫ్ జాకెట్ లోపల పెట్టకండి. లోపలి ఫోము రుద్దుకుని గరగరమంటుంది, ఏ ఫిల్టరుతోనూ పోదు. భుజం పట్టీ బయటివైపు, బొచ్చు తొడుగుతో పెట్టండి. జాకెట్ మీద మైకు కనిపించినా ఫరవాలేదు, రేడియో మైకు అనుకుంటారు.

రేడియో గొంతుకి 300 హెర్ట్‌జ్ కింద, 3,400 పైన కోసేస్తే సరిపోతుంది. బటను వదిలినప్పుడు వచ్చే చిన్న టక్‌మనే శబ్దం మర్చిపోకండి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినాల్సిందే, మధ్యలో దూరడానికి లేదు. 1974లో సగం బిగువు ఆ ఒంటిదారి మాటలదే. వీడియో కాల్ పెడితే ఆ బిగువు పోతుంది. షూటింగులో నిజం మెరైన్ సెట్టు ఆన్ చేసి నటించకండి. 16వ చానెల్, 156.8 మెగాహెర్ట్‌జ్, ఆపదలో ఉన్నవాళ్లది. వేటకెళ్లిన బోట్లు వింటుంటాయి.

గట్టుమీద_కెమెరా:
లంగరు అన్నారు కాబట్టి చెప్తున్నా. ఒక్క లంగరు మీద నిలబెడితే, పోటు మళ్లగానే పడవ మొత్తం తిరిగిపోతుంది. పొద్దున్న నటుడి వెనక నరసాపురం గట్టు, మధ్యాహ్నం సఖినేటిపల్లి కొబ్బరితోటలు. అందుకని ముందొకటి, వెనకొకటి వెయ్యాలి, అదీ ప్రవాహం దారిలోనే. ప్రవాహానికి అడ్డంగా నిలబెడితే తాళ్ల మీద ఒత్తిడి విపరీతం.

పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ తొమ్మిదింటికి నిండుగా ఉన్న రేవు మెట్లు వారం తిరిగేసరికి అదే తొమ్మిదింటికి బురదతో బయటపడతాయి. అదే వెలుతురు, అదే నీటిమట్టం మళ్లీ కలవాలంటే రెండు వారాలు ఆగాలి. రీషూట్ తారీఖులు పంచాంగం చూసి పెట్టుకోండి. అష్టమి వెళ్లిన ఒకటి రెండు రోజుల్లో తేడా తక్కువ, కంటిన్యూటీ తేలిక. అమావాస్య, పౌర్ణమి దాటాక లాగుడు ఎక్కువ, అది దూరం నుంచి తీసే షాట్లకి వాడుకోండి, మనుషుల్ని ఎక్కించి కాదు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీరు, అంటే వరద. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. మొదటిదాకా కూడా ఆగకండి, అంతకుముందే పనులు మానుకోండి.

లంక_గాలి:
దానికి తోడు ఇంకోటి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. పడవలో జనం అరిచే సీను మనకి ఉత్త సినిమా కాదు. అరుపులు తగ్గించి రాయండి, జనం బిగుసుకుని కూర్చున్నా భయం తెలుస్తుంది. షూటింగులో కెమెరా వెనకున్నవాళ్లతో సహా అందరికీ జాకెట్, ఇద్దరు ఈతగాళ్లతో పక్కనే వేరే బోటు, తీస్తున్నంతసేపూ దాని ఇంజను ఆన్‌లో ఉండాలి. రేవు పాటదారు (వేలంలో రేవు పాడుకున్నవాడు) ఒప్పుకున్నా సరిపోదు, పోలీసు స్టేషన్లో రాతపూర్వకంగా ముందే ఇవ్వాలి. గట్టు మీద నుంచి తుపాకులు చూసినవాళ్లు 112కి ఫోన్ చేస్తారు, చెయ్యాలి కూడా.

రేవు_గట్టు:
సెల్‌ఫోన్ల సంగతో? 1974లో ఆ చిక్కు లేదు. 2009లో ఒక కుర్రాడి లాప్‌టాప్ కెమెరా లోపలి సంగతి బయటకి చూపిస్తుంది, అదొక్కటీ ఆ రీమేక్‌లో నాకు బాగా నచ్చిన మార్పు.

పాలకొల్లు_ఎడిటింగ్:
నది మధ్యలో సిగ్నల్ లేదని రాయకండి, ఎవరూ నమ్మరు. దొంగలు ఫోన్లన్నీ ఒక చేపల ట్రేలో వేయించాలి. ఆ ట్రే కథంతా మోగుతూ ఉండాలి. ఒక్కో రింగ్‌టోను ఒక్కో మనిషిది. ఒక ఫోను మోగడం ఆగిపోతే అవతల ఇంట్లోవాళ్లకి తెలిసిపోయిందని అర్థం. బందీల పరిచయానికి ఇంతకంటే తక్కువ ఖర్చు దారి లేదు.

కోటిపల్లి_కాగితం:
హక్కుల మాట. మన చట్టంలో సినిమాకి విడుదలైన సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి 60 ఏళ్లు. 1974 సినిమాకి 2034 చివరిదాకా. కానీ దానికి మూలం జాన్ గోడీ 1973 నవల. ఆయన 2006లో పోయారు, రచనకి రచయిత తరవాత 60 ఏళ్లు, అంటే 2066 దాకా. కాబట్టి సినిమా గడువు ఒక్కటే చూసుకుంటే మోసపోతారు. ‘వాహనంలో బందీలు, గంట గడువు’ అనే ఊహ మీద ఎవరికీ హక్కు లేదు. ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో చెప్పింది అదే: ఊహకి కాదు, దాన్ని చెప్పిన తీరుకి రక్షణ. ఈ చర్చలో పోటు, బార, జాకెట్లు చేరాక తీరు చాలా మారింది. రంగుల పేర్లు, తుమ్ము, పరిగెత్తే ఖాళీ పెట్టె మాత్రం తేకండి. అందుకే ఆ కొట్టుకుపోయే పంటు గురించి మళ్లీ ఆలోచించండి, అది మూలానికి మరీ దగ్గర.

సరంగు_చూపు:
నిజమే. అయితే పంటు కదలకూడదు, మేట మీదే కూర్చోవాలి. పోలీసులు బోట్లలో చుట్టుముట్టి పోటు కోసం ఎదురుచూస్తుంటారు. కానీ పాటు పూర్తిగా దిగాక పంటుకీ లంకకీ మధ్య మోకాలి లోతే. దొంగలు ఈదరు, పడవెక్కరు, బందీలతో కలిసి నడిచిపోతారు. ముందు రాసిన ‘దొంగలకీ దారి మూసుకుపోతుంది’ అన్నది పోలీసులు నమ్మిన అబద్ధం అవుతుంది. ఆ కళాసీకి మాత్రం ఆ మేట పాత పరిచయం.

కోటిపల్లి_కాగితం:
ఇది పూర్తిగా మీదే, ఎవరూ అడగలేరు. నోట్ల గురించి ఒక్కటి: అసలు నోటు ఫొటోకాపీలు తీయించకండి. నోటుని పోలిన కాగితం తయారుచేయడమే భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షను కిందకి వస్తుంది. బజారులో దొరికే పిల్లల బ్యాంకు నోట్లు కట్టకి పైనా కిందా, మధ్యలో 150కి 66 కొలతలో కోసిన తెల్లకాగితం, కట్ట చుట్టూ కాగితపు పట్టీ. సంచీలో 23 కిలోలూ నిజంగానే పెట్టండి. నటుడి భుజం వంగడం నటనతో రాదు.