సమస్య: సంజ తూర్పున శుక్రుని జాడ దొరకె

నిర్వాహకుడు, జయనగర్:
పైన ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి, ఈ వారం తేటగీతి ఛందస్సు. శుక్రుడు సాయంత్రం తూర్పున కనిపించడం జరగని పని. ఆయన కక్ష్య మన కక్ష్యకు లోపల ఉంది కాబట్టి సూర్యుడి నుంచి సుమారు 47 డిగ్రీలకు మించి దూరం జరగడు, పొద్దు గుంకాక పడమటే ఉండి, మహా అయితే మూడు గంటల్లో అటూ ఇటూగా తానూ దిగిపోతాడు. ఆ జరగని పనిని జరిగినట్టు ఒప్పించాలి. బెంగళూరులో మబ్బులు విడిచాయి, రాసే ముందు ఒక్కసారి మేడెక్కి చూడండి.

మల్లేశ్వరం నుంచి:
మేడపై నిల్చి మావాడు మింట జూచి
గురుని గాంచి యా వెలుగుకు గుండె పొంగి
నాన్న! యిటు రమ్ము రమ్మంచు నన్ను బిలిచె
"సంజ తూర్పున శుక్రుని జాడ దొరకె!"

నిర్వాహకుడు:
హాయిగా ఉందండీ. పొరపాటు పిల్లవాడిది కాబట్టి సమస్య విడిపోయింది, పైగా కొత్తగా ఆకాశం చూసే ప్రతివాళ్ళూ చేసే పొరపాటే ఇది. గురుడు, అంటే బృహస్పతి గ్రహం, సుమారు 13 నెలలకోసారి సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడు, 2026 జనవరి 10న అలాగే వచ్చాడు, అప్పుడు పొద్దు గుంకే వేళకే తూర్పున పొడుస్తాడు. మనం వెలుగు చూసి పేరు పెట్టేస్తాం. ముందు దిక్కు చూడాలి. ఇక భాష సంగతి: 'వెలుగుకు' వాడుక రూపం, 'వెలుగునకు' అంటే గణం చెడుతుంది. 'వెలుగున' అనండి, సరిపోతుంది.

మారతహళ్ళి నుంచి:
పాల పొట్లాలకై పోవ బయట నాకు
తెల్లవారక మున్నె యా తేట మింట
పురము నిద్రించుచుండగ పొద్దు పొడుచు
సంజ తూర్పున శుక్రుని జాడ దొరకె

మల్లేశ్వరం నుంచి:
భలే! సంజ అంటే సాయంత్రమే అనుకుని కూర్చున్నాను. మా అమ్మమ్మ వేగుచుక్క అనేది దీన్నే కదా?

నిర్వాహకుడు:
అదే. శుక్రుడు పడమట రోజురోజుకీ కిందికి దిగుతూ సూర్యుడి వెలుగులో మునిగిపోతాడు, పంచాంగంలో శుక్రమూఢం అని పెళ్ళిళ్ళు ఆపే వేళల్లో ఇదొకటి, ఆ తర్వాత కొద్ది రోజులకే తెల్లవారుజామున తూర్పున తేలతాడు. మూఢం పేరు తెలియని తెలుగిల్లు ఉండదు, కానీ ఆ రోజుల్లో ఆకాశం వైపు చూసేవాళ్ళు ఎందరు?

వైట్‌ఫీల్డ్ నుంచి:
పడమటను వెల్గు చుక్కయే ప్రతిఫలించె
నెదుటి యద్దాల మేడలో నింపుగాను
వీపు పడమర కిడి నేను వెదకుచుండ
సంజ తూర్పున శుక్రుని జాడ దొరకె

ఆఫీసు నుంచి వస్తూ చూసిందే. మొదట విమానం అనుకున్నాను, రెండడుగులు వేస్తే ఒక అద్దంలోంచి పక్క అద్దంలోకి జారింది.

నిర్వాహకుడు:
ఈ వారం నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. మాట విరిచి వేరే అర్థం లాగలేదు, పొరపాటు మీద నెట్టలేదు, శుక్రుణ్ణి పడమటే ఉంచి తూర్పున చూపించారు. 'ఇంపుగాను' మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది. 'మేడలో నెంత సొగసొ' అంటే యతీ నిలుస్తుంది, ఆశ్చర్యమూ వస్తుంది.

బనశంకరి నుంచి:
ఇదే నా మొదటి పూరణ, టెన్షన్‌గానే పెడుతున్నాను.

మిణుకు మిణుకని మెరిసె నో మేటి చుక్క
చూచి శుక్రుడే యంటిని చుట్టములకు
వారు నవ్విరి "యెక్కడి వాదమయ్య,
సంజ తూర్పున శుక్రుని జాడ దొరకె!"

వైట్‌ఫీల్డ్ నుంచి:
గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ మిణుకుమంటే అది గ్రహం కాదండీ, నక్షత్రం. నక్షత్రం ఎంత పెద్దదైనా దూరం వల్ల ఒక్క చుక్కే, గాలి కదిలితే దాని వెలుగు చెదురుతుంది. గ్రహం దగ్గరిది, చిన్న బిళ్ళలాంటిది, అందుకే నిలకడగా వెలుగుతుంది. దిగంతం దగ్గర అదీ కాస్త వణుకుతుంది, పైకి వచ్చేదాకా ఆగాలి. మీరు చూసింది చలికాలంలో అయితే సిరియస్ కావచ్చు, తూర్పుకీ ఆగ్నేయానికీ మధ్య పొడుస్తుంది, రంగురంగులుగా మెరుస్తుంది.

బనశంకరి నుంచి:
ఇందాక మళ్ళీ మేడెక్కాను. నడినెత్తి దాకా వచ్చింది, అయినా కొంచెం కూడా వణకడం లేదు, పసుపు కలిసిన తెలుపు. గురుడే. మొదటి పాదం మారుస్తున్నాను:

మిణుకు లేకయే మెరిసె నో మేటి చుక్క